నాలుగు సువార్తలు, పక్కన ఖాళీ పేజీ: ఏడాది వాడాక నా అభిప్రాయం

ఈ పుస్తకం నా చేతికి వచ్చి పదమూడు నెలలైంది. మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలు మాత్రమే ఉన్న సంపుటం ఇది. ఎడమ పేజీలో బైబిలు వాక్యం ఉంటుంది, కుడి పేజీ పూర్తిగా ఖాళీ. వాక్యం కింద నాలుగైదు వరుసల వివరణ, దాని కింద ‘ఈ రోజు అన్వయం’ అని ఒక ప్రశ్న. ప్రశ్న పక్కన చిన్న పెట్టె గీసి ఉంటుంది, ఆ పని చేశాక అందులో టిక్కు పెట్టుకోవాలి. నాలుగు సువార్తల్లోని 89 అధ్యాయాలనీ 365 భాగాలు చేశారు కాబట్టి రోజుకు సుమారు పది వచనాలు వస్తాయి.

కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. ఖాళీ పేజీ కోసం కొనండి. టిక్కు పెట్టె కోసం మాత్రం కొనకండి. వివరణల్లో కొన్ని చాలా బాగున్నాయి, కొన్ని నాకు బాధ కలిగించాయి, ఒకటైతే ప్రమాదకరం.

నేను ఒక చిన్న సంస్థలో అకౌంట్స్ చూస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పుట్టి పెరిగింది సంఘంలోనే. సండే స్కూల్లో కంఠతా పట్టిన వచనాలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలా నోటికి వచ్చిన వచనాలే నన్ను ఎక్కువ మోసం చేశాయని ఈ ఏడాదిలో తెలిసింది. నోటికి వచ్చిన మాటను మనం చదవం, దాటేస్తాం. ఎదురుగా ఖాళీ కాగితం పెట్టి పెన్ను చేతిలోకి తీసుకుంటే మాత్రం దాటడం కష్టం.

ముందు పుస్తకం తయారీ గురించి. అచ్చు పెద్దది, కళ్లద్దాలు మర్చిపోయిన రోజు కూడా చదవగలిగాను. వచనాల నంబర్లు వాక్యం మధ్యలో కాకుండా అంచున సన్నగా వేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చదివే తీరునే మార్చేసింది. సువార్తలు రాసినవాళ్లు అధ్యాయాలు, వచనాలు విడదీసి రాయలేదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసిందంటారు. కొత్త నిబంధనలో ఈ వచనాల అంకెలు వచ్చింది 1551లో, రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడి ప్రతిలో. ఆ అంకెలు పక్కకు జరిగేసరికి ఒక్కో వచనాన్ని విడిగా ఏరుకునే అలవాటు తగ్గి, యేసు ఎవరితో ఏ సందర్భంలో ఆ మాట అన్నాడో కనిపించడం మొదలైంది.

కాగితం పలచన. జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీలోని వాక్యం మీదికి దిగిపోయింది, మొదటి వారంలోనే మూడు పేజీలు పాడయ్యాయి. అప్పటి నుంచి పెన్సిల్ వాడుతున్నాను. ఏడు వందల పైచిలుకు పేజీలు కాబట్టి బరువు ఎక్కువ, పడుకుని చదవడానికి కుదరదు. ఎనిమిదో నెలలో లూకా సువార్త దగ్గర కుట్టు వదిలి రెండు పేజీలు చేతికొచ్చాయి. దారంతో నేనే కుట్టుకున్నాను. రోజూ తెరవడం కోసమే అమ్మే పుస్తకానికి ఇంతకంటే గట్టి కుట్టు ఉండాలి.

పేజీల పంపకం కూడా సరిగ్గా లేదు. మత్తయి మొదటి అధ్యాయంలోని యేసు వంశావళికీ, కొండమీది ప్రసంగంలోని పది వచనాలకూ సమానంగా ఒక్కో ఖాళీ పేజీ ఇచ్చారు. ఆ ప్రసంగం ఉన్న మత్తయి 5, 6, 7 అధ్యాయాలు కలిపి 111 వచనాలు. అంటే ఈ పుస్తకం లెక్కలో పదకొండు రోజులు. నాకు ఆ మూడు అధ్యాయాలకే ఏడు వారాలు పట్టింది. రాసుకోవడానికి చోటు చాలక వెనక్కి వెళ్లి వంశావళి పక్కన ఖాళీగా ఉన్న పేజీ వాడుకున్నాను. అలా వెళ్లినప్పుడే ఆ పేర్ల వరుసను నిదానంగా చదివాను. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. పేరు చెప్పుకోవడానికి ఏ కుటుంబమైనా వెనకాడే కథలు వీళ్లలో కొందరివి. మత్తయి వాళ్లను దాచలేదు. మా ఇంట్లో మేం పలకని పేరు ఒకటి ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

వివరణల్లో నాకు నచ్చనిది ఎక్కడ మొదలైందో చెబుతాను. మత్తయి 5:37. “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను.” దీని కింద ప్రశ్న సూటిగా ఉంది: ఈ రోజు మీరు ఎక్కడ నిజాన్ని మెలితిప్పుతారు? నాకు జవాబు వెంటనే తెలుసు. మాకు సరుకు ఇచ్చేవాళ్లు బకాయి కోసం ఫోన్ చేస్తే “చెక్కు సంతకానికి వెళ్లిందండీ” అని చెప్పడం నా ఉద్యోగంలో భాగంగా మారిపోయింది. చెక్కు అప్పటికి రాసి కూడా ఉండదు. దాన్ని నేను అబద్ధంగా లెక్కేసుకోలేదు, ఆఫీసు మాట అనుకున్నాను. ఆ రోజు ఖాళీ పేజీలో ‘చెక్కు సంతకానికి వెళ్లింది’ అని నా చేత్తో రాసుకున్నాక మళ్లీ అనలేకపోయాను. మర్నాడు ఫోన్ వస్తే, “చెక్కు ఇంకా రాయలేదండీ. ఎప్పుడు ఇస్తామో సార్‌ని అడిగి సాయంత్రం చెబుతాను” అన్నాను.

ఆ వివరణ ఏమందంటే, నిజం చెప్పేవాడిని దేవుడు పనిచేసేచోట హెచ్చిస్తాడు, అందరూ అతన్ని నమ్ముతారు అని. నాకు అలా జరగలేదు. అవతలి వ్యక్తి నామీద కేకలేశాడు. మేనేజరు నామీద కోపం తెచ్చుకున్నారు. రెండు వారాల తర్వాత ఆ ఫోన్లు చూసే పని నా దగ్గర నుంచి తీసి వేరే అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు పాత మాటే చెబుతోంది, పక్క సీట్లో కూర్చుని నేను వింటున్నాను. నిజం చెబితే హెచ్చింపు వస్తుందని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. అదే అధ్యాయం 10, 11 వచనాల్లో నీతి కోసం హింసించబడేవాళ్లు, నిందలు పడేవాళ్లు ధన్యులని ఉంది. యేసు ఇవ్వని హామీని ఆయన మాట కింద అచ్చు వేయకూడదు. ఆ హామీ నమ్మి నిజం చెప్పిన వ్యక్తి, ఫలితం రాకపోతే, తన విశ్వాసంలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. నేను ఆ రెండు వారాలూ అలాగే అనుకుని ఏడ్చాను.

దీనికి ఎదురుగా, మత్తయి 6:34 దగ్గర వివరణ ఎంతో నిజాయితీగా ఉంది. “ఏనాటికీడు ఆనాటికి చాలును” అన్నాడు కాబట్టి, ఈ రోజుకు కీడు ఉండదని యేసు చెప్పలేదు, ఉన్న కీడు ఈ రోజుకు సరిపోతుందన్నాడు అని రెండే వాక్యాల్లో రాశారు. నెలాఖరు టెన్షన్‌లో నాకు ఆ రెండు వాక్యాలు చేసిన మేలు పెద్ద ప్రసంగాలు చేయలేదు. జీతాల లెక్క తేలని రోజు, పన్ను కాగితాల గురించి ఆలోచించడం ఆపి ముందు జీతాల లెక్క చూశాను. అంతే. నాకు అది చాలా పెద్ద మార్పు.

ఇక ప్రమాదకరం అన్న పేజీ. మత్తయి 5:39, కుడి చెంప మీద కొట్టినవాడి వైపు ఎడమ చెంప కూడా తిప్పమన్న మాట. దీని కింద ప్రశ్న: ఈ రోజు మీరు ఎవరిని మౌనంగా సహిస్తారు? మా స్త్రీల కూడికలో ఈ పుస్తకం ఆరుగురం కలిసి చదువుతున్నాం. ఆ వారం ఒక చెల్లెలు తన పేజీ తెరిచి చూపించింది. తన భర్త పేరు రాసి, ‘సహిస్తాను’ అని రాసుకుంది, టిక్కు కూడా పెట్టుకుంది. ఆమె చేతి మీద కమిలిన మచ్చ ఉంది. మేమందరం చాలాసేపు మాట్లాడలేకపోయాం. నేను యోహాను 18 తీశాను. ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రోతు యేసును చెంప మీద కొడతాడు. అప్పుడు ఆయన మౌనంగా ఊరుకోలేదు, చెయ్యి కూడా ఎత్తలేదు. “మంచిమాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు” అని అడిగాడు. ఎడమ చెంప గురించి చెప్పిన యేసే ఈ ప్రశ్న అడిగాడు. తిరిగి కొట్టవద్దని చెప్పడం వేరు, దెబ్బలు తింటూ దాచిపెట్టమని చెప్పడం వేరు. ఆ సాయంత్రం మాలో ఇద్దరం ఆమెతో వెళ్లాం, ఆమె తన అక్క ఇంటికి మారింది. ఈ పేజీని ప్రచురణకర్తలు తప్పకుండా మార్చాలి. నేను రాసి అడిగాను. మీరు ఎవరికైనా ఈ పుస్తకం బహుమతిగా ఇస్తుంటే, ఈ పేజీలో యోహాను 18:22, 23 అని పెన్సిల్‌తో రాసి ఇవ్వండి.

మార్కు 12లో పేద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసుల దగ్గర కూడా ఇలాంటి లోపమే ఉంది, కానీ అది భాగాలు చేయడంలో వచ్చింది. 41వ వచనం దగ్గర కొత్త రోజు మొదలుపెట్టారు. ప్రశ్న: ఈ వారం మీరు కానుకగా ఏం విడిచిపెడతారు? దానికి సరిగ్గా ముందున్న 40వ వచనంలో, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్ర బోధకుల) గురించి యేసు హెచ్చరిస్తాడు. ఆ మాట నిన్నటి పేజీలో ఉండిపోయింది. రెండూ కలిపి చదివితే ఆమె ఇచ్చిన దాని గొప్పతనం తగ్గదు, ఆమె దగ్గర తీసుకునేవాళ్ల మీద కూడా యేసు చూపు ఉందని తెలుస్తుంది. మా సంఘం లెక్కలు చూడటంలో నేనూ సాయం చేస్తాను. ఆ వారం నా పేజీలో నేను రాసుకున్న ప్రశ్న వేరు: పెన్షన్ మీద బతికే వృద్ధురాలు వేసిన కానుకను మనం దేనికి ఖర్చు పెడుతున్నాం? పాస్టర్ గారిని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. ఆ నెల నుంచి ఖర్చుల జాబితా గోడ మీద అంటిస్తున్నాం.

ఈ పుస్తకంలో అన్నిటికంటే బాగున్నది యోహాను 13, యేసు తన శిష్యుల పాదాలు కడిగిన అధ్యాయం. ఇక్కడ సంపాదకులు ప్రశ్నను తక్కువ మాటల్లో పెట్టి ఊరుకున్నారు. మా అత్తగారు మంచం పట్టి రెండేళ్లయింది. నేనే స్నానం చేయిస్తాను, కాలిగోళ్లు తీస్తాను. కాబట్టి పాదాలు కడగడం గురించిన పేజీ నాకు కొత్తగా ఏమీ చెప్పదనుకున్నాను. ప్రశ్న ఇలా ఉంది: మీ పాదాలు ఎవరు కడిగితే మీకు ఇబ్బంది? పేతురు “నీవెన్నడును నా పాదములు కడుగరాదు” అన్న వచనాన్ని పక్కన మళ్లీ అచ్చువేశారు. నేను ఆ పేజీ ముందు పది నిమిషాలు కూర్చుని మా తోడికోడలు పేరు రాశాను. తను వారానికి రెండు రోజులు వచ్చి అత్తయ్యను చూసుకుంటానని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ప్రతిసారీ “వద్దులే అమ్మా, నాకు అలవాటే” అన్నాను. ఆ ‘వద్దులే’లో ప్రేమ ఎంతుందో, ఈ సేవ నాదేనని చెప్పుకోవాలన్న ఆశ ఎంతుందో ఆ రోజు విడదీసి చూసుకున్నాను. తర్వాతి శనివారం తనే వచ్చింది. మొదటిరోజు అత్తయ్య సిగ్గుతో కాళ్లు ముడుచుకుంటే, “నేనూ మీ కోడల్నే కదా అత్తయ్యా” అంది. ఆ మాట వింటూ నేను పక్కగదిలో పడుకున్నాను. ఎన్నాళ్లకో మధ్యాహ్నం నిద్రపోయాను.

అదే అధ్యాయంలో నేను ఇంతకుముందు గమనించనిది ఇంకొకటి ఉంది. యేసును పట్టించబోయే శిష్యుడు యూదా ఆ గదిలోంచి బయటికి వెళ్లింది 30వ వచనంలో. పాదాలు కడగడం అంతకు ముందే అయిపోయింది. అంటే అతని పాదాలు కూడా యేసు కడిగాడు, తెలిసే కడిగాడు.

ఇప్పుడు మా ఇంట్లో పలకని పేరు సంగతి.

నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. ఆరేళ్ల కిందట వ్యాపారానికని నా దగ్గర అప్పు తీసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. మాటా మాటా పెరిగింది, రాకపోకలు ఆగిపోయాయి. మత్తయి 18లో క్షమించని దాసుని ఉపమానం వచ్చిన రోజు, ఆ పేజీ తప్పించి ముందుకు వెళ్దామనుకున్నాను. వెళ్లలేక, నాకు చేతనైన పని చేశాను. లెక్క వేశాను.

రాజుకు ఆ దాసుడు పదివేల తలాంతులు అచ్చియున్నాడు, అంటే బాకీ ఉన్నాడు. రాజు దాన్ని క్షమించి వదిలేశాడు. తోటి దాసుడు ఇతనికి నూరు దేనారములు అచ్చియున్నాడు, దాన్ని ఇతను వదల్లేదు. దేనారము ఒక కూలివాడి రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని ఒప్పుకున్నది అంతే. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారములు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల పనిదినాలు వేసుకున్నా తీరడానికి రెండు లక్షల సంవత్సరాలు. రెండుసార్లు కూడి చూశాను. “నా యెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును” అని ఆ దాసుడు రాజుతో అన్న మాటలో అర్థమే లేదు.

తర్వాత రెండో అప్పు లెక్క వేశాను. నూరు దేనారములు, నూరు రోజుల కూలి. ఆదివారాలు తీసేస్తే దాదాపు నాలుగు నెలల జీతం. నా తమ్ముడు నాకు బాకీ ఉన్నది సరిగ్గా నా నాలుగు నెలల జీతం.

చాలా ప్రసంగాల్లో ఆ రెండో అప్పును చిల్లర డబ్బుగా చెప్పడం విన్నాను. చిల్లర కాదు. నాలుగు నెలల జీతం పోతే ఇల్లు ఎంత కుదేలవుతుందో నాకు తెలుసు, పిల్లల ఫీజు కట్టలేక నగ తాకట్టు పెట్టాను. యేసు నా నష్టాన్ని చిన్నది చేసి మాట్లాడలేదు. నూరు రోజుల కష్టం అని ఒప్పుకున్నాకే, దాని పక్కన రెండు లక్షల సంవత్సరాలు పెట్టాడు. ఈ లెక్క పుస్తకం వివరణలో లేదు. ‘పెద్ద అప్పు’, ‘చిన్న అప్పు’ అని రాసి వదిలేశారు. ఖాళీ పేజీ ఇచ్చారు కాబట్టి నేను వేసుకోగలిగాను.

అయినా ఫోన్ చేయలేదు. క్షమించానని మనసులో అనుకుంటే చాలదా అని నాలో నేనే వాదించుకున్నాను. వెనక్కి వెళ్లి మత్తయి 5:23 పేజీ తీశాను. అర్పణ అర్పిస్తుండగా, “నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుగలదని” గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లి సమాధానపడమన్న మాట. ఇక్కడి వివరణకు మాత్రం నేను చేతులెత్తి నమస్కారం చేస్తాను. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, ఈ మాట వింటున్నవాళ్లు గలిలయలో, మధ్యలో కాలినడకన రోజుల ప్రయాణం, ఆ దూరమంతా వెనక్కి వెళ్లి రమ్మంటున్నాడని రాశారు. కింద ప్రశ్న: ఈ వచనంలో ఎవరికి ఎవరి మీద విరోధం ఉంది? జాగ్రత్తగా చదవండి.

జాగ్రత్తగా చదివాను. నాకు తమ్ముడి మీద ఉన్న విరోధం గురించి కాదు. తమ్ముడికి నామీద ఉన్నది. ముప్పై ఏళ్లుగా తలకిందులుగా చదువుతున్నాను ఆ వచనాన్ని. వాడికి నామీద ఏముంటుంది, అప్పు తీసుకున్నది వాడు కదా అనుకుంటుండగానే గుర్తొచ్చింది. పెద్దమ్మ వాళ్లింట్లో బంధువులందరి ముందు, “వీడికి అప్పిస్తే బావిలో వేసినట్టే” అన్నాను. వాడి భార్య అక్కడే ఉంది. వాడి పెద్ద కొడుకు పన్నెండేళ్లవాడు, వాడూ విన్నాడు. నీ సహోదరుడు తప్పు చేస్తే “నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు” చెప్పమని మత్తయి 18:15లో ఉంది. నేను నలభై మంది ముందు చెప్పాను.

మొదటి మూడుసార్లు ఫోన్ ఎత్తలేదు. ఉత్తరం రాశాను. ఇరవై రోజుల తర్వాత వాడే చేశాడు.

“ఏంటక్కా, డబ్బు గురించేనా?”

“కాదురా. పెద్దమ్మ వాళ్లింట్లో అందరి ముందూ నిన్ను అన్న మాట గురించి.”

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “ఆ మాట నీకు గుర్తుందా?” అన్నాడు.

ఆ రోజు మా మధ్య డబ్బు ప్రస్తావన రాలేదు. తర్వాతి నెల ఇంటికి వచ్చాడు, కొడుకును వెంట తీసుకొచ్చాడు. ఆ పిల్లవాడికి ఇప్పుడు పద్దెనిమిది. వాడి ముందే నేను వాళ్ల నాన్నకు క్షమాపణ చెప్పాను, ఎందుకంటే అన్నది కూడా వాడి ముందే. ఈ మధ్య తమ్ముడు వీలైనప్పుడల్లా కొంచెం కొంచెం పంపుతున్నాడు. నేను అడగలేదు, వద్దని కూడా అనలేదు. ఆ డబ్బు ఏ పుస్తకంలోనూ రాయడం లేదు. కానీ వచ్చిన ప్రతిసారీ ఇంకా ఎంత మిగిలిందో నా బుర్ర దానంతట అదే తీసివేత చేసి చెబుతోంది. దాన్ని ఆపడం కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

అందుకే నాకు ఆ టిక్కు పెట్టె మీద ఇంత అభ్యంతరం. క్షమించడం అయిపోయిందని నేను ఏ రోజు టిక్కు పెట్టాలి? పేతురు కూడా ఏడుమారులని ఒక హద్దు గీసి అడిగాడు. “ఏడుమారులమట్టుకే కాదు, డెబ్బది ఏళ్ల మారులమట్టుకు” (డెబ్బై ఏడుల సార్లు) అని జవాబు వచ్చింది. టిక్కు పెట్టడమంటే పేతురు మొదలుపెట్టిన లెక్కనే మళ్లీ చేతికివ్వడం. ఇంకా ఒక మాట. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6:3 చెబుతుంటే, ఆ వచనం కిందే ధర్మం చేసి టిక్కు పెట్టుకోమని పెట్టె ఉంది. మా కూడికలో మొదటి రెండు నెలలు ఒకరి పుస్తకంలో టిక్కులు ఇంకొకరం చూసుకోవడం, వెనకబడినవాళ్లు సిగ్గుపడటం జరిగింది. తర్వాత అందరం కలిసి ఆ పెట్టెలు వదిలేయాలని నిర్ణయించుకున్నాం. బదులుగా ఖాళీ పేజీ పైన తేదీ వేసి, ఎవరి పేరు గుర్తొచ్చిందో ఆ పేరు రాస్తున్నాం. పేజీలు ఒకరికొకరం చూపించుకోవడం మానేశాం, చెప్పాలనిపిస్తే నోటితో చెబుతున్నాం.

కొనేవాళ్లకు ఇంకొన్ని మాటలు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు ఒంటరిగా ఇవ్వకండి, ఇద్దరు ముగ్గురు కలిసి చదివితేనే దీని లోపాలు బయటపడతాయి. 365 రోజుల్లో పూర్తి చేయాలన్న పంతం పెట్టుకోకండి. లూకా 10లో మంచి సమరయుడి దగ్గర నేను తొమ్మిది రోజులు ఆగాను. అతను దెబ్బలు తిన్న బాటసారిని చూసుకోమని సత్రంవాడికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు కదా. ఆ ‘తిరిగి వస్తాను’ అన్న మాట దగ్గర మా కూడికలో ఒక పెద్దావిడ, తాను ఒకసారి చూసి వచ్చి మళ్లీ వెళ్లని రోగుల పేర్లు ఐదు చెప్పారు. మర్నాటి నుంచి ఒక్కొక్కరి దగ్గరికీ మళ్లీ వెళ్లారు. అలాంటి పేజీ దగ్గర ఆగిపోవడం ఆలస్యం కాదు.

వచ్చే ముద్రణలో ప్రచురణకర్తలు కాగితం మందం పెంచాలి, కుట్టు గట్టిగా వేయాలి, కొండమీది ప్రసంగానికి ఇంకా పేజీలు ఇవ్వాలి, చెంప గురించిన ప్రశ్న తీసేయాలి, పెట్టెలన్నీ తీసేయాలి. గలిలయ దూరం గురించి రాసిన వ్యక్తి ఎవరో, వివరణలన్నీ వాళ్లతోనే రాయించాలి.

నేను ఇదే ప్రతిని రెండోసారి చదువుతున్నాను. చాలా పేజీలు నిండిపోయాయి, అంచుల్లో రాస్తున్నాను. మొన్న మత్తయి 18 మళ్లీ వచ్చింది. నిరుడు పెన్సిల్‌తో వేసిన లెక్క కొంచెం చెరిగింది కానీ అంకెలు కనిపిస్తున్నాయి. దాని కింద ఈ ఏడాది తేదీ వేసి, మా తమ్ముడి పేరు మళ్లీ రాశాను.